కీర్తిశేషులు ఏనుగుల వీరాస్వామయ్యగారి చరిత్రము

న్యాయాధిపతుల పేరులు లోకమున నిలుచును. వారి తీర్పులు సంపుటములుగా నచ్చుపడును. వారి చిత్తరువులు న్యాయస్థానముల గోడలమీఁద వ్రేలాడును. ఆ న్యాయాధిపతుల ప్రక్కను నిలిచి, వాదిప్రతివాదుల మాటలను వారి చెవికిని, వారి మాటలను వాదిప్రతివాదుల చెవికిని జేర్చినవారి పేరులు మాత్రము తఱుచుగా మఱుగుపడిపోవును. దేవాలయమునకు వచ్చినవారు గోపురమును జూతురు గాని పునాదిరాయిని జూడరు గదా! అట్లు మఱుగుపడక నిలిచిన కొలఁది పేరులలో ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరొకటి.

తెలుఁగువారు వీరిని కాశీయాత్రచరిత్ర వ్రాసినవారుగా నెఱుఁగుదురు. అది యుక్తమే. కాని వీరు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అనఁగా భాషాంతరకర్త, యను నుద్యోగమున నుండి జీవించినవారనియు, ఆ యుద్యోగమే వారి వ్రాఁతకుఁ దీరు నేర్పినదనియు తలఁచువారు తక్కువ. మన కుటుంబములలోని యువకులు పలువురు నేఁడును న్యాయస్థానములలో శిరస్తాదారులుగాను, బెంచిగుమాస్తాలుగాను, న్యాయమూర్తులకు ఆంతరంగిక కార్యదర్శులుగాను కొలువు చేయుచున్నారు. తాము చేయునది పెద్దవారి నీడలో జరుగు చిన్నపని యని వారిలోఁ గొందఱు చిన్నబుచ్చుకొనుట మే మెఱుఁగుదుము. వారి కొఱకును, వారిని చదివించిన పోషకుల కొఱకును ఈ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బాల్యము, విద్య

వీరాస్వామయ్యగారు 1780 వ సంవత్సర ప్రాంతమున జన్మించిరి. ఆ సంవత్సరముననే హైదరాలీ సేనలు కర్ణాటక దేశముపైఁ బడి చెన్నపట్టణపు పరిసరములను పాడుచేసెను. కోటలోపల కుంపిణీ దొరలును, కోటవెలుపల తెలుఁగు, తమిళము, కన్నడము, మహారాష్ట్రము, హిందూస్తానీ మాటలాడు బహుజాతులవారును నివసించుచుండిన ఆ పట్టణమున రెండు మూఁడు భాషలు రానివానికి వీధిలో బేరమాడుట గూడఁ గష్టముగా నుండెను.

తండ్రిగారు వీరి చిన్నతనముననే గతించిరి. సంసారభారము పసివయస్సుననే మీఁదఁ బడినను వీరు చదువు విడువలేదు. పండ్రెండేండ్లు వచ్చునప్పటికే ఆంగ్లభాషను ధారాళముగాఁ జదువఁగలిగిరి. ఆ దినములలో ఆంగ్లవిద్య నేఁటివలె సులభము కాదు. చెన్నపట్టణపు విశ్వవిద్యాలయ మేర్పడినది 1857 లో. అంతకు ముందు ఆంగ్లము నేర్వఁగోరిన బాలుఁడు కచ్చేరీలలో జీతము లేకయే వాలంటీరుగాఁ గూర్చుండి, దొరల జాబులకు నకళ్లు వ్రాయుచు, వారి మాట చెవినిఁ బడఁగా బడఁగా భాషను పట్టుకొనవలసి యుండెను. వీరాస్వామయ్యగారును బోర్డు ఆఫ్ ట్రేడు అను కుంపిణీవారి వర్తకపు కచ్చేరీలో నట్లే వాలంటీరుగాఁ జేరిరి. పిమ్మట చిఱుతప్రాయముననే తిరునల్వేలి సీమలో భాషాంతరకర్త పని వీరికి లభించెను. అటుమీఁదఁ జెన్నపట్టణమునకు మఱలివచ్చి, లెక్కలపనియందును వ్రాఁతపనియందును గొంతకాలము గడపి, తుదకు సుప్రీముకోర్టునఁ బ్రవేశించి, యచ్చటఁ బ్రధాన భాషాంతరకర్త పదవి నలంకరించిరి.

ఆ న్యాయసభ

చెన్నపట్టణమున న్యాయస్థానములు క్రమక్రమముగా నేర్పడినవి. తొలుత మేయరుకోర్టు, 1798 లో రికార్డరుకోర్టు, 1801 లో రాజశాసనముచే సుప్రీముకోర్టు వచ్చెను. ఇది కుంపిణీవారి కోర్టు గాదు; ఇంగ్లాండు రాజుగారి కోర్టు. ఒక ప్రధాన న్యాయాధిపతియు, ఇరువురు సహన్యాయాధిపతులును అచ్చటఁ గూర్చుండెడివారు. చెన్నపట్టణవాసుల వ్యాజ్యములు దీని యధికారమునకు లోఁబడి యుండెను. వెలుపలి జిల్లాల వ్యాజ్యములపై అప్పీళ్లు సదరు అదాలతు అను వేఱొక కోర్టునకుఁ బోవుచుండెను. మొదటి ప్రధాన న్యాయాధిపతి సర్ థామస్ స్ట్రేంజి దొర 1816 వఱకు నా పీఠమున నుండెను. హిందువుల దాయవ్యవహారములను హిందూ ధర్మశాస్త్రము ననుసరించియు, మహమ్మదీయుల వ్యవహారములను వారి శాస్త్రము ననుసరించియుఁ దీర్చవలయునని విధి.

ఇచ్చటనే చిక్కు గలదు. న్యాయాధిపతులు సముద్రము దాఁటి ఓడలలో వచ్చిన ఆంగ్లేయ న్యాయవాదులు. ఈ దేశభాష లెవ్వియు వారికిఁ దెలియవు. ధర్మశాస్త్రమో సంస్కృతమున నున్నది. దస్తావేజులు తెలుఁగునను, అరవమునను, పారసీకమునను ఉన్నవి. సాక్షులు తమతమ యింటిమాటలలోఁ జెప్పుదురు. తీర్పో ఆంగ్లమున వెలువడవలెను. న్యాయపీఠమునకును న్యాయము గోరివచ్చినవానికిని నడుమ ఒక నది ప్రవహించుచున్నట్లుండెను. ఆ నదిని దాఁటించు పడవ భాషాంతరకర్త యొక్కఁడే. 1862 లో సుప్రీముకోర్టు పోయి హైకోర్టు వచ్చిన పిమ్మటఁ గూడ పదేండ్లకుఁ బైగా గడచినఁ గాని ఈ దేశీయుఁడొకఁ డచ్చటి న్యాయపీఠమున కెక్కలేదు. కావున వీరాస్వామయ్యగారి కాలమున ఆ మందిరమున న్యాయాధిపతికి అతి సమీపమున నిలిచి మాటలాడఁగల దేశీయుఁడు భాషాంతరకర్తయే.

భాషాంతరకర్త పని

ఈ పనిని తేలికయైనదిగాఁ దలఁచువారికి రెండు దృష్టాంతములు చూపెదము. మేము ముప్పది సంవత్సరములు బడులలో వ్యాకరణము చెప్పినవారము గనుక నివి మాకుఁ దోఁచినవి.

మనము పినతండ్రి యందుము, మేనమామ యందుము. ఆంగ్లమున నీ యిరువురకు నొక్కటే మాట. ఆ భాషలో నీ భేదమునకుఁ బని లేదు. కాని మితాక్షర ధర్మమున పినతండ్రి దాయాది; అవిభక్త కుటుంబపు టాస్తిలో నతనికి జన్మతః హక్కు గలదు. మేనమామ బంధువే గాని దాయాది గాఁడు. సాక్షి మేనమామ యని చెప్పఁగా భాషాంతరకర్త ఒక్క ఆంగ్లపదముతో సరిపుచ్చి, తల్లివైపు వాఁడని వివరింపకపోయినచో, న్యాయాధిపతి యెంత మేధావియైనను తండ్రివైపు వానిగా భావించి ఆస్తి నన్యాయముగాఁ బంచిపెట్టవచ్చును.

రెండవది యింతకంటె సూక్ష్మమైనది. కొట్టెను అని సాక్షి చెప్పినచో వాఁడు కన్నులారఁ జూచినట్లు. కొట్టెనఁట అని చెప్పినచో నెవరో చెప్పఁగా విన్నట్లు. తెలుఁగున ఈ భేదమంతయు చివరనున్న అఁట యను చిన్నమాటలో దాఁగియున్నది. ఆంగ్లేయ న్యాయమున వినికిడి మాట సాక్ష్యముగాఁ జెల్లదు. భాషాంతరకర్త తొందరలో ఆ యొక్క మాటను జాఱవిడిచెనా, వినినవాఁడు చూచినవాఁ డగును. ఆ సాక్ష్యముపై నింకొకఁడు ఉరికంబ మెక్కవచ్చును. సుప్రీముకోర్టునకు ప్రాణదండనము విధించు నధికార ముండెను. జూరీవారును సాక్షిమాటను తర్జుమాలోనే వినవలసి యుండెను. 1826 లో పార్లమెంటువారు చేసిన చట్టముచే ఈ దేశీయులును జూరీలోఁ గూర్చుండుట కర్హులైరి. వారిలోఁ గూడ సాక్షి భాష యెఱుఁగనివారు కలుగవచ్చును గదా.

కాఁబట్టి భాషాంతరకర్త కొకటే ధర్మము: కూడనిది కూర్పరాదు, ఉన్నది విడువరాదు. సాక్షి యనాగరికముగా మాటలాడినచో దానిని సంస్కరించి చెప్పరాదు. తడఁబడినచో నా తడఁబాటును గూడఁ దెలుపవలెను. పేదవాని మొఱ్ఱకు జాలిపడి పదును పెట్టరాదు. ధనికుని యబద్ధమునకు వెఱచి మెఱుఁగు పెట్టరాదు. పాండిత్యము గలవాని కిది మిక్కిలి కష్టము. పండితునకుఁ దన మాట చెప్పవలెనను కోరిక సహజము. ఇచ్చట నా కోరికను దినదినమును జంపుకొనవలెను.

మఱియొక మార్గము

ఆ కాలమున సమీపమున నుండుటను సొమ్ముగా మార్చుకొన్నవారు లేకపోలేదు. దొరకును ప్రజకును నడుమ మాట నడుపువారిని దుబాసీ లనెడివారు. వారిలో ధర్మాత్ములును గలరు. కాని వీరాస్వామయ్యగారి బాల్యమున చెన్నపట్టణమున అవధానము పాపయ్య యను దుబాసీ పేరు చెప్పినచో జనులు వడఁకుచుండిరి. 1789, 1790 సంవత్సరములలో గవర్నరు పదవి నడపిన హాలండు దొరకును, అతని సోదరునకును ఇతఁడు దుబాసీ. వారి చెవి తన చేత నున్నదను గర్వముతో, డేవిడ్ హాలిబర్టను అను రెవెన్యూబోర్డు దొరపైఁ దప్పుడు కాగితములు పుట్టించి, ఆయనను పట్టణమునుండి దూరముగాఁ బంపునట్లు చేసెను. తుదకు గుట్టు బయటఁబడి, 1792 లో కుట్రనేరమునకు విచారింపఁబడి శిక్ష పొందెను. ఆంగ్ల నవలాకర్తయగు వాల్టర్ స్కాటు 1827 లో వెలువడిన కథలో నితనిని దుష్టపాత్రగా నిలిపెను. ఒక తెలుఁగువాని పేరు సముద్రములు దాఁటి యిట్లు ప్రసిద్ధికెక్కుట విచారకరము.

ఆ విచారణ జరిగిననాఁటికి వీరాస్వామయ్యగారు ఇంచుమించు పండ్రెండేండ్ల బాలుఁడు. కచ్చేరీలలో నడుగు పెట్టుచున్న కాలమది. రెండు మార్గములును ఆ పట్టణపు వీధులలోనే యుండెను. పెద్దవారి చెవికి దగ్గఱగా నుండుట యిరువురకును సమానమే. ఒకఁడు ఆ సామీప్యమును అమ్ముకొనెను. ఒకరు దానిని నిక్షేపమువలెఁ గాపాడిరి. ఒకనికి విచారణయు శిక్షయు మిగిలెను. ఒకరికి మిగిలినదేమో యిఁకఁ జెప్పెదము.

సెలవు, కాశీయాత్ర

1830 వ సంవత్సరమునాఁటికి సర్ రాల్ఫ్ పామరు దొర ప్రధాన న్యాయాధిపతి; సర్ రాబర్టు కమిన్ దొర సహన్యాయాధిపతులలో నొకఁడు. ఈ కమిన్ దొరయే 1835 లో ప్రధాన న్యాయాధిపతి యయ్యెను. వీరాస్వామయ్యగారికి ఏఁబదియేండ్లు వచ్చెను. కాశికిఁ బోవలయునని సంకల్పము గలిగెను. రైలుబండ్లు లేవు, దొంగల భయము, జ్వరముల భయము, అడవుల భయము మెండు. కాశికిఁ బోయినవాఁడును కాటికిఁ బోయినవాఁడును సమానమని జనులు తలఁచిన కాలమది. ప్రతిదినమును కొలువునకు కావలసిన భాషాంతరకర్తకు నెలలకొలఁది సెలవిచ్చుట న్యాయాధిపతులకు సులభము గాదు. అయినను ఇచ్చిరి. ఆ సెలవే వారి విశ్వాసమునకు గుఱుతని మేము తలంతుము.

1830 మే 18 వ తేది మంగళవారమునాఁడు వీరు చెన్నపట్టణము విడిచిరి. వెంట కుటుంబమువారు, బంధువులు, పరిచారకులు, బోయీలు గలిసి ఇంచుమించు నూఱుగురు. తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము దర్శించి, హైదరాబాదు చేరి, నాగపురము, జబ్బలపురము మీఁదుగాఁ బ్రయాగకును, అటనుండి కాశికిని బోయిరి. గయ, పాట్నా, కలకత్తా చూచి, జగన్నాథము సేవించి, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరుల మీఁదుగా మఱలి, 1831 సెప్టెంబరు 3 వ తేదిని ఇల్లు చేరిరి. పదునైదు నెలలకుఁ బైపడిన ప్రయాణము. నూఱుగురి తిండి, నీరు, బస, రోగము, నదులు దాఁటుట, సుంకపు చౌకీలు – ఇంతటిని నిర్వహించుచుఁ బ్రతిదినమును చూచినదానిని వ్రాయుట మానలేదు. ఆ వ్రాఁతలను జాబులుగా తమ మిత్రుఁడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికిఁ బంపుచుండిరి.

ఆ గ్రంథము

కాశీయాత్రను గుఱించి వ్రాసిన పండితుఁ డింకొకఁ డయినచో క్షేత్రమాహాత్మ్యములతో నింపియుండును. వీరాస్వామయ్యగారు దేవభక్తులే, ఆచారపరులే, శాస్త్రచర్చలయం దాసక్తి గలవారే. అయినను వారి గ్రంథమున మొదటఁ గనఁబడునది సాక్షి. ఈ యూరినుండి యా యూరి కెన్ని కోసులు, దారి గట్టిదా రాళ్లదా, బావినీరు మంచిదా కాదా, దుకాణములున్నవా, దిగుటకు చావడి కలదా, ఏటికి పడవ యున్నదా, ఏ సీమలో నే నాణెము చెల్లును, ఏ కులమువా రెట్లు జీవింతురు – ఇదియంతయు వరుసగా వ్రాసిరి. నిజాము రాజ్యమున అడుగడుగున వసూలు చేయు సుంకములను వ్రాసిరి. ఆ దినములలో ప్రయాగ, గయ, జగన్నాథములయందు కుంపిణీవారు యాత్రికులయొద్దఁ బన్ను గైకొనుచుండిరి. ఆ పన్ను 1840 లో రద్దయ్యెను. ఆ బాధలన్నియు వీరి గ్రంథమునఁ గలవు. కుంపిణీవారి కొలువులో నుండువారి నడుమ మెలఁగినను వీరు వారి పన్నును దాఁచలేదు; దేవునియందు భక్తి గలిగినను క్షేత్రములలో యాత్రికులను పీడించువారిని దాఁచలేదు.

భాషను గుఱించి యొకమాట. ఆ గ్రంథము చెన్నపట్టణమున ఆనాఁడు పెద్దమనుష్యులు మాటలాడిన తెలుఁగున నున్నది. అరవపు మాటలు, హిందూస్తానీ మాటలు, కచ్చేరీ మాటలు తఱుచు. చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853 లో వెలువడి వచనమునకు వ్యాకరణపు టచ్చు ఏర్పఱచుటకు చాల ముందటి వచన మిది. లక్షణవేత్తలు దీనియందు దోషములు లెక్కింపవచ్చును. కాని మాకుఁ దోఁచున దేమనఁగా, దినదినమును సాక్షిమాటను సాక్షిమాటగానే చెప్పుట కలవాటుపడిన నాలుక, తన మాటను గూడ నలంకరింపక చెప్పినది. ఆ భాష వారి యుద్యోగధర్మమే.

సమకాలికులు, మిత్రులు

అదే కాలమున సదరు అదాలతులో మఱియొక తెలుఁగువారు భాషాంతరకర్తగా నుండిరి. వారు వెన్నెలకంటి సుబ్బారావుగారు. 1784 లో జన్మించి, 1815 మొదలు 1829 వఱకు ఆ కోర్టులోఁ బనిచేసి, తమ జీవితమును తామే ఆంగ్లమున వ్రాసికొని, 1839 లో గతించిరి. ఆ గ్రంథమును 1873 లో వారి కుమారులు ప్రకటించిరి. చెన్నపట్టణపు రెండు పెద్ద న్యాయస్థానములలో నిరువురు తెలుఁగువారు ఇతరుల మాటలను మోయుచు, తీఱిక దొరకినప్పుడు తమ కాలపు సాక్ష్యమును భావితరములవారికి విడిచిపోవుట గమనింపఁదగినది. ఒకరు దేశమును వ్రాసిరి. ఒకరు తమ జీవితమును వ్రాసిరి.

వీరాస్వామయ్యగారి మిత్రుఁడు శ్రీనివాసపిళ్లగారు ధనికులు, విద్యాదానమం దభిరుచి గలవారు. 1794 లో గతించిన పచ్చయప్ప మొదలియారుగారి ధర్మనిధి దీర్ఘకాలము వ్యాజ్యములలోఁ జిక్కుకొని, తుదకు ధర్మకర్తల చేతికి వచ్చినప్పుడు, ఆ ధర్మకర్తల సభకు మొదటి యధ్యక్షులు వీరే. ఆ నిధితో 1842 లో పాఠశాల వెలసెను. అదియే పిమ్మట కళాశాల యయ్యెను. మంచి మిత్రుని మూలముననే వీరాస్వామయ్యగారి జాబులు గాలిలోఁ గలిసిపోక నిలిచినవి.

నిర్యాణము

వీరాస్వామయ్యగారు 1836 అక్టోబరు 3 వ తేదిని పరమపదించిరి. తమ గ్రంథము అచ్చుపడుటను వారు చూడలేదు. శ్రీనివాసపిళ్లగారు ఆ జాబులను గూర్చి 1838 లో అచ్చువేయించిరి. 1869 లో మఱల నచ్చయ్యెను. 1941 లో దిగవల్లి వేంకట శివరావుగారు పీఠికతోను వివరణములతోను దానిని మఱల వెలుఁగులోనికిఁ దెచ్చిరి. 1973 లో హైదరాబాదునుండి ఆంగ్లానువాదమును వెలువడెను. జీవితమంతయు తెలుఁగుమాటలను ఆంగ్లమునకుఁ దెచ్చినవారి మాటలనే నూటముప్పది యేండ్ల పిమ్మట వేఱొకరు ఆంగ్లమునకుఁ దెచ్చిరి.

ఉపసంహారము

వీరాస్వామయ్యగారు నిలిచిన న్యాయసభ నేఁడు లేదు. ఆ రాజులును లేరు, ఆ దొరలును లేరు. కాని ఆ నది యింకను ప్రవహించుచునే యున్నది. అమరావతియందును హైదరాబాదునందును మన హైకోర్టుల వ్యవహారము ఆంగ్లముననే సాగుచున్నది. క్రింది కోర్టులలో రైతు తన గోడును తెలుఁగున చెప్పుకొనుచున్నాఁడు. ఆ తెలుఁగు సాక్ష్యము తర్జుమాయైనఁ గాని పైకిఁ బోదు. న్యాయమూర్తి చూచు కాగితమును సిద్ధపఱచువాఁడు, వాయిదాల పట్టికను వ్రాయువాఁడు, దస్తావేజు నందించువాఁడు, నకలును సరిచూచువాఁడు నేఁడును గలరు. ఒక అఁట జాఱిపోయినచో నేఁడును ఒక సంసారము కూలఁగలదు.

కావున న్యాయస్థానములలోఁ గొలువు చేయు మన యువకులకు మా విన్నప మిది. మీ పేరు తీర్పునందుండదు. ఉండవలసిన పనియు లేదు. కాని మీ చేతిమీఁదుగాఁ బోవు ప్రతి మాటయు ఒక నరుని సొత్తు. దానికిఁ గూర్పక, దాని నుండి తీయక, దానిని అమ్ముకొనక చేర్పుఁడు. మీ సామీప్యమును గోరి వాకిట నిలుచు బంధుమిత్రులకు వినయముతో లేదని చెప్పుఁడు. అట్టి వారిలో మనవారే మొదట నుందురని మఱువకుఁడు. తీఱిక దొరకినప్పుడు మీరు చూచినదానిని నిజముగా వ్రాసిపెట్టుఁడు.

పోషకమహాశయులకును ఒక్క మనవి. మన విద్యార్థి వసతిగృహముల గ్రంథాలయములలో కాశీయాత్రచరిత్ర ప్రతి యొక్కటి యైన నుండునట్లు చూడుఁడు. తొలి జీతము నందుకొన్న బాలుఁడు మొదట చదువవలసిన పుస్తకములలో నది యొకటి యని మేము తలంతుము.

శుభమస్తు.